కాఫీకి దోషం లేదా?

మా ఇంట్లో కాఫీని తిండి కింద జమకట్టే ఆచారం లేదు. ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళయినా ముట్టనని భీష్మించుకునే మా అత్తయ్యగారు సైతం, కాఫీ దగ్గరికి వచ్చేసరికి శాస్త్రాన్ని కాస్త సడలిస్తారు. “కాఫీకి దోషం లేదే అమ్మాయ్!” అంటారు. అలాంటి ఇంటి కోడల్ని గనకనే కిందటేడు నా ఆపరేషను రోజున అంత గొడవ తెచ్చిపెట్టుకున్నాను.

గాల్‌బ్లాడర్‌లో రాళ్ళన్నారు. పొద్దున 9 గంటలకు ఆపరేషను. ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ అడగనన్ని ప్రశ్నలడిగింది. ఆయాసం ఉందా? ఏ మందయినా పడదా? ఇదివరకు మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది పడ్డారా? కట్టుడు పళ్ళున్నాయా? నోరు తెరిపించి చూసింది, మెడ వెనక్కి వంచమంది. వెళుతూ వెళుతూ, “రాత్రి భోజనం తర్వాత ఇంకేమీ తినకూడదు. ఉత్త మంచినీళ్ళు మాత్రం 7 గంటల లోపల కాసిని తాగొచ్చు” అని మరీ మరీ చెప్పింది.

తెల్లవారి 6 గంటలకు అత్తయ్యగారు ఫ్లాస్కుతో దిగారు. “నీరసంతో సోలిపోతావే, అర గ్లాసు పుచ్చుకో. ఎవరికీ చెప్పకు” అన్నారు. ఆవిడ ఆపేక్ష కాదనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, నా నాలుకా లాగింది!

కాసేపటికి సిస్టర్ వచ్చి గాజులూ నగలూ తీయించింది. గోళ్ళరంగు కూడా తుడిచేసింది. వేలికి తగిలించే క్లిప్పు వెలుతురు పంపి రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చూస్తుందట, రంగుంటే దానికి అడ్డు రావచ్చట. “ఏమైనా తిన్నారా?” అంది. లేదన్నాను. థియేటరు గుమ్మంలో ఇంకో సిస్టర్ అదే అడిగింది. మళ్ళీ లేదన్నాను. లోపల డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, “తినకపోయినా, ఏమైనా తాగారామ్మా?” అంది.

ఒక్క క్షణం అత్తయ్యగారి మొహం కళ్ళముందు మెదిలింది. ఆ వెంటనే మా పిల్లల మొహాలు. “కాఫీ... అర గ్లాసు” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. “చెప్పి మంచిపని చేశారు. మత్తులో గొంతు కాపలా కాయదమ్మా. పొట్టలోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్ళయితే 2 గంటలు చాలు, పాలు కలిస్తే 6 గంటలు ఆగాలి” అంది. ఆపరేషను మధ్యాహ్నానికి వాయిదా పడింది.

ఒంటిగంటకు మళ్ళీ మొదటినుంచీ అవే ప్రశ్నలు. పేరు, ఏం ఆపరేషను, ఎక్కడ, ఏ మందు పడదు. ఈసారి విసుక్కోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక ఒకటి తయారుచేసిందట. మత్తు ఇచ్చే ముందు, కత్తి పెట్టే ముందు, రోగి గది దాటే ముందు, అన్నీ పైకి చదివి సరిచూసుకోవాలట. ఊరికి వెళ్ళేటప్పుడు తాళం వేసి, మళ్ళీ ఓసారి లాగి చూడమూ? అదే ఇదీనూ. మనమీద అపనమ్మకం కాదు, మతిమరుపుమీదా మొహమాటంమీదా!

మొహమాటానికి రెండుసార్లు అబద్ధమాడాను. మూడోసారి అడక్కపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంటికొచ్చాక, పాలు లేని కాఫీ అయితే మంచినీళ్ళ లెక్కేనట అని అత్తయ్యగారితో అన్నాను. “పాలు లేనిదీ ఒక కాఫీయేనా?” అని తీసిపారేశారు. ఈ మధ్య ఆవిడకే మోకాలి ఆపరేషను అయింది. పొద్దున సిస్టర్ కాగితం పట్టుకుని ఇంకా గుమ్మంలో ఉండగానే మంచంమీంచి కేకేశారు:

“కాఫీ కూడా తాగలేదమ్మా, రాసుకో!”