పాతదానికీ కొత్తదానికీ పొసగాలి

ఈ వారం నా మాట "పొసగడం". ఎవరికైనా పడకపోతే మా అమ్మ "వాళ్లిద్దరికీ పొసగదు" అంటుంది. చిన్నప్పటి నుంచి వింటున్నాను, కానీ ఈ మాట సాఫ్ట్‌వేర్‌కు కూడా పనికొస్తుందని ఇప్పుడే తెలిసింది. కొత్త వెర్షన్ వచ్చాక కూడా పాత పేజీలు సరిగ్గా కనిపిస్తే దాన్ని ఇంగ్లీషువాళ్లు బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. దీనికి పెద్ద సంస్కృత మాట ఏదో ఉండే ఉంటుంది. నాకు మాత్రం "పాతదానితో పొసగడం" చాలు.

పెర్త్‌లో మా శనివారం తెలుగు బడికి ఒక వెబ్‌సైట్ ఉంది. అది మూడుల్ మీద నడుస్తుంది. మూడుల్ మా ఊరి సాఫ్ట్‌వేరే! మార్టిన్ డూగియామస్ దాన్ని పెర్త్‌లో మొదలుపెట్టారు. 1.0 వెర్షన్ 2002 ఆగస్టులో వచ్చింది. ఆయన చిన్నప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఊళ్లకు చాలా దూరంగా ఉండేవారు. స్కూల్ ఆఫ్ ది ఎయిర్ వాళ్లు రేడియోలో చెప్పే పాఠాలు విని చదువుకున్నారు. మూడుల్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు.

మా సైట్‌లో పాఠాలన్నీ రాసింది మా టీచర్ ఆంటీ. 2006లో, 2007 మొదట్లో రాత్రిపూట కూర్చుని 60కి పైగా పాఠాలు రాశారు. గుణింతాలు, చుట్టాల పిలుపులు, బస్సులో టికెట్ ఎలా అడగాలి, ఆవకాయ ఎలా పెట్టాలి, అన్నీ ఉన్నాయి. ఆంటీ ఇప్పుడు లేరు. సైట్ 1.9 వెర్షన్ దగ్గర ఆగిపోయింది. ఈ ఏడాది సర్వర్ మార్చాల్సి వచ్చింది కాబట్టి అప్‌గ్రేడ్ తప్పలేదు.

కమిటీలో ఒక అంకుల్ అన్నారు: "ఆ పాతవన్నీ తీసేద్దాం అమ్మా. ఇప్పటి పిల్లలకు వీడియోలు కావాలి." నేను "ఒక్క నెల టైం ఇవ్వండి అంకుల్" అని అడిగాను. సరే అన్నారు.

అసలు చిక్కు ఏమిటంటే, ఆంటీ ప్రతి వాక్యాన్నీ రెండు భాషల్లో రాశారు. ఇంగ్లీషు వాక్యానికి ఒక "లాంగ్" ట్యాగ్, పక్కనే తెలుగు వాక్యానికి ఇంకో "లాంగ్" ట్యాగ్. చదివేవాళ్లు ఏ భాష ఎంచుకుంటే మూడుల్ ఆ వాక్యమే చూపిస్తుంది, రెండోదాన్ని దాచేస్తుంది. అప్పట్లో పద్ధతి అదే. కానీ హెచ్‌టీఎంఎల్‌లో "లాంగ్" అనే ట్యాగ్ నిజంగా లేదు. అందుకే 2007 మార్చిలో వచ్చిన 1.8 వెర్షన్‌లో మూడుల్ వాళ్లు "స్పాన్" ట్యాగ్‌కు మారారు.

నాకు నచ్చింది ఆ తర్వాత వాళ్లు చేసిన పని. పాత పేజీలను గాలికి వదిలేయలేదు. పాత ట్యాగులను వెతికి కొత్తవిగా మార్చే టూల్ ఒకటి ఇచ్చారు. "ఇంకా పాత పద్ధతే వాడతాం" అనేవాళ్లకు ఒక సెట్టింగ్ కూడా ఇచ్చారు. తర్వాత ఎన్నో వెర్షన్ల వరకు ఆ టూల్‌ను అలాగే ఉంచారు. పొసగడం అంటే ఇదే.

ముందు సైట్‌కు కాపీ తీశాను. పని అంతా కాపీ మీదే. 1.9 నుంచి నేరుగా ఇప్పటి వెర్షన్‌కు దూకడం కుదరదు. ముందు 2.2కు వెళ్లాలి, అక్కడి నుంచి పైకి, మెట్లు ఎక్కినట్టు. టూల్ నడపకముందు ఇంగ్లీషు, తెలుగు వాక్యాలు ఒకదాని వెంట ఒకటి కనిపించాయి. నడిపాక దాదాపు అన్నీ కుదురుకున్నాయి.

"దాదాపు" అన్నాను చూడండి. రెండు భాషలు పక్కపక్కన ఉంటేనే ఆ టూల్ వాటిని జతగా గుర్తుపడుతుంది. ఒక్క తెలుగే ఉన్న చోట దాటేసి వెళ్లిపోతుంది. అలా మిగిలిపోయిన వాక్యాలను చేత్తో వెతికాను. అవన్నీ ఆంటీ ఇంగ్లీషు రాయకుండా వదిలేసిన చిన్న చిన్న మాటలు. "మా నెల్లూరులో దీన్ని ఇలా అంటాం." "ఇది మీ అమ్మమ్మను అడగండి." పాఠాలు ఎవరైనా మళ్లీ రాయగలరేమో, ఈ మాటలు మాత్రం ఇంకెక్కడా లేవు.

ఇంకో సంగతి. మూడుల్ తెలుగు ప్యాకు పూర్తిగా లేదు. తెలుగులో మాట దొరకకపోతే అక్కడ ఇంగ్లీషు మాట చూపిస్తుంది. ఖాళీ వదలదు, పని ఆపదు. నా తెలుగు కూడా అంతే కదా! మాట గుర్తు రాకపోతే ఇంగ్లీషు మాట వేసి వాక్యం పూర్తి చేస్తాను. ఇదివరకు దీనికి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఆ మాట రాసుకుంటాను, తర్వాత తెలుగు మాట వెతుకుతాను. ప్యాకు అలాగే నిండుతుంది.

మా నాన్న 1990ల్లో ఇక్కడికి వచ్చారు. ఆయన తెలుగు ఆ కాలం వెర్షన్. ఇప్పటికీ "ఇండియాకు ఎస్టీడీ చేయాలి" అంటారు. హైదరాబాద్‌లో మా చెల్లి "ఎస్టీడీ ఏంటి అక్కా!" అని పడి పడి నవ్వుతుంది. కానీ దానికి అర్థమైంది. ఆ వెంటనే నాన్నకు వీడియో కాల్ చేసింది.

నెల అయ్యాక అంకుల్‌కు కొత్త సైట్ చూపించాను. ఆవకాయ పాఠం చివరిదాకా చదివి, "ఇది తీయొద్దు" అన్నారు. వీడియోలు కూడా పెడుతున్నాం, ఆంటీ పాఠాల పక్కనే.

మీ ఇంట్లో ఎవరైనా పాత ఫైళ్లలో తెలుగు రాసి ఉంటే ఈ వారమే ఒక కాపీ తీసి పెట్టుకోండి. వచ్చే వారం "కుదరదు", "పొసగదు", "పడదు" ఈ మూడింటికీ తేడా ఏమిటో రాస్తాను. ఉంటాను మరి.