పక్కవాడి కోసం వేసే సూది

మా తమ్ముడికి ఆరేళ్లప్పుడు ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బి, ముఖం పూరీలా ఉంది. దోమలు కుట్టాయేమో అనుకుంది అమ్మ. మధ్యాహ్నానికి కాళ్లూ వాచాయి. సాయంత్రం వాడు పెరట్లో మూత్రానికి కూర్చుంటే చూసి నాయనమ్మ కేకేసింది. నేను వెళ్లి చూశాను. టీ డికాక్షన్ రంగు.

కనిగిరి దగ్గర మా ఊరు. ఆ రాత్రే బస్సులో ఒంగోలు తీసుకెళ్లారు. డాక్టరు బీపీ చూసి, అమ్మను అడిగిన మొదటి మాట: "నెల కిందట వీడికి ఒంటి మీద పుండ్లేమన్నా లేచాయామ్మా?" లేచాయి. దసరా ముందు వానల్లో ఊళ్లో పిల్లలందరికీ గజ్జి, దాన్ని గోకిన చోటల్లా చీము పుండ్లు. వేపాకు, పసుపు నూరి పూశారు. చెక్కు కట్టి రాలిపోయాయి కూడా. "అవి ఎప్పుడో మానాయి సార్, ఇది వేరే" అని అమ్మ గట్టిగా చెప్పింది. కాళ్ల మీద పుండుకూ మూత్రపిండానికీ ఏం సంబంధమని ఆమెకు చాలా ఏళ్లు నమ్మకం కుదరలేదు.

తమ్ముడు మూడు వారాలు ఉప్పు లేని అన్నం తిని కోలుకున్నాడు. నేను నర్సునయ్యాను. ఆ సంబంధం నాకు తరగతి గదిలో అర్థమైంది. పుండులో ఉన్న స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కిడ్నీ దాకా వెళ్లదు. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు, ఆ బాక్టీరియా ముక్కలు కలిసి కిడ్నీ జల్లెడల్లో ఇరుక్కుంటాయి. అక్కడ వాపు మొదలవుతుంది. గొంతునొప్పి తర్వాతయితే పది రోజులకు, చర్మం మీది పుండు తర్వాతయితే మూడు వారాలకో, ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది. అప్పటికి పుండు మానిపోయి ఉంటుంది. అందుకే ఏ తల్లీ ఈ రెంటినీ కలిపి చూడదు. అమ్మ తప్పేమీ లేదు.

ఇప్పుడు నేను ఆస్ట్రేలియా ఉత్తర కొసన, డార్విన్‌లో ఉంటున్నాను. పుస్తకంలో రెండు పేజీలుండే ఈ జబ్బు ఇక్కడ నా ఉద్యోగంలో పెద్ద భాగమవుతుందని వచ్చేటప్పుడు అనుకోలేదు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో పనిచేసే మన డాక్టర్లు దీన్ని అరుదుగా చూస్తారు. నార్తర్న్ టెరిటరీలోని అబొరిజినల్ పల్లెల పిల్లల్లో మాత్రం ఇది ప్రపంచంలో ఎక్కడ నమోదైన లెక్కలతో పోల్చినా పైవరుసలోనే ఉంటుంది. ఒక్క కేసు కనిపించినా ప్రభుత్వానికి తెలియజేయాలని ఇక్కడ చట్టం. కొన్నేళ్లకోసారి అలలా లేచి ఊరినుంచి ఊరికి పాకుతుంది. వానాకాలంలో దార్లు తెగిపోతాయి, చిన్న విమానంలో వెళ్లాల్సిందే.

అలా వెళ్లిన రోజుల్లో మా పని ఇది. పిల్లల పేర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్కరి కళ్ల కింద చూస్తాం. ముంగాలు మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో చూస్తాం. వేళ్ల సందులు, మోచేతులు, తల వెతుకుతాం. బరువు, బీపీ, అవసరమైతే మూత్రం పరీక్ష. పుండ్లున్నవాళ్లకు బెంజాథీన్ పెనిసిలిన్ సూది. మన దగ్గర కీళ్ల జ్వరం పిల్లలకు మూడు వారాలకోసారి వేసే పెనిడ్యూర్ ఇదే మందు. తెల్లగా, చిక్కగా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు చేతుల్లో వెచ్చబెట్టి, కండరంలోకి చాలా మెల్లగా ఎక్కించాలి. నొప్పి బాగా ఉంటుంది. అక్కడినుంచి అది వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది.

జబ్బు పడ్డ పిల్లాడి ఇంట్లో మిగతా పిల్లలందరికీ, పుండు ఉన్నా లేకున్నా, ఇదే సూది. ఒకసారి ఒక అమ్మమ్మ తన చిన్న మనవణ్ణి ఒడిలో గట్టిగా పట్టుకుని అడిగింది: "వీడి ఒళ్లు శుభ్రంగా ఉంది కదా, వీణ్ణెందుకు ఏడిపిస్తారు?"

ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలగడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. గొంతునొప్పి తర్వాత వచ్చే కీళ్ల జ్వరాన్ని, గొంతు నొప్పెట్టిన తొమ్మిది రోజుల్లోపు పెనిసిలిన్ ఇస్తే ఆపవచ్చు. 1950 ప్రాంతంలోనే అమెరికా వైమానిక దళ సిపాయిల మీద పరిశోధన చేసి తేల్చారు. కిడ్నీ విషయంలో అంత భరోసా లేదు. ఒక పిల్లాడి ఒంట్లో కిడ్నీ జబ్బు తెచ్చే రకం బాక్టీరియా చేరి, యాంటీబాడీలు తయారు కావడం మొదలయ్యాక, పెనిసిలిన్ ఇచ్చినా వాడి కిడ్నీని కాపాడుతుందని గట్టిగా చెప్పలేం. ముఖం ఉబ్బిన పిల్లాడికి ఇచ్చే సూది కూడా వాడి వాపు తగ్గించడానికి కాదు. వాపుకు వేరే మందులున్నాయి. సూది వాడి ఒంటి మీద మిగిలిన బాక్టీరియాను చంపడానికి, అది పక్కలో పడుకునే చెల్లెలికి అంటకుండా ఉండడానికి. అన్ని స్ట్రెప్టోకాకస్ రకాలూ కిడ్నీ జోలికి రావు, కొన్నే వస్తాయి. ఆ కొన్ని రకాలు ఊళ్లో తిరగడం ఆగితే అల ఆగుతుంది.

ఆ అమ్మమ్మకు ఇదే చెప్పాను. "వీడి కోసం, వీడి పక్కన పడుకునేవాళ్ల కోసం." ఆమె కాసేపు చూసి వాడి కాలు నా వైపు తిప్పింది.

సూది ఒక్కటే చాలదని ఇక్కడ అందరికంటే ఆ తల్లులకే ఎక్కువ తెలుసు. గజ్జి పోకపోతే పుండ్లు మళ్లీ వస్తాయి. ఇంట్లో అందరూ ఒకే రోజు పర్మెత్రిన్ క్రీము ఒళ్లంతా పూసుకోవాలి, దుప్పట్లు ఉతకాలి. మూడు గదుల ఇంట్లో పన్నెండు మంది ఉండి, బట్టలుతికే మెషీన్ చెడిపోయి నెలలైతే ఎలా ఉతుకుతారు? దీన్ని శుభ్రత లేకపోవడం అనేవాళ్లతో నాకు పడదు. ఇళ్లు కట్టి ఇవ్వకపోవడం అది.

ఒక మంచి మార్పు చెప్పాలి. మామూలు చర్మపు పుండ్లకు ఈ నొప్పి సూదికి బదులు మూడు రోజుల కోట్రిమాక్సజోల్ సిరప్ సరిపోతుందని ఈ టెరిటరీ పల్లెల్లోనే పరీక్షించి 2014లో ప్రచురించారు. దాంతో మా గది నుంచి వచ్చే ఏడుపులు సగం తగ్గాయి. కిడ్నీ అల లేచినప్పుడు మాత్రం మళ్లీ సూదే.

మా తమ్ముడిలాగే చాలామంది పిల్లలు కోలుకుంటారు. కానీ కథ అక్కడితో అయిపోతుందని ఇప్పుడు నేను అనను. చిన్నప్పుడు ఈ జబ్బు చేసినవాళ్ల మూత్రంలో పెద్దయ్యాక ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం, అంటే కిడ్నీ దెబ్బతింటున్న గుర్తు, ఎక్కువగా కనబడిందని ఇక్కడి అబొరిజినల్ సమాజాల్లో చేసిన పరిశోధనలు చెప్పాయి. కిడ్నీలు పూర్తిగా చెడిపోయిన ఎడారి పల్లెలవాళ్లు డయాలిసిస్ కోసం వందల కిలోమీటర్లు దాటి, ఆలిస్ స్ప్రింగ్స్‌లో అయినవాళ్లు లేకుండా బతికేవారు. 2000లో ఆ ఊళ్ల చిత్రకారులు తమ బొమ్మలు సిడ్నీలో వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా కూడబెట్టి, సొంత ఊళ్లోనే డయాలిసిస్ పెట్టించుకున్నారు. పర్పుల్ హౌస్ అనే డయాలిసిస్ సంస్థ అలా పుట్టింది. ఇది చెబితే మనవాళ్లు వెంటనే శ్రీకాకుళం ఉద్దానంలోని కిడ్నీ జబ్బు గురించి అడుగుతారు. అది వేరు, అక్కడి జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. ఇక్కడ కనీసం ఒక కారణం తెలుసు, దానికి అగ్గువ మందూ ఉంది. తెలిసిన కారణాన్ని వదిలేయడం నాకు మరీ కష్టంగా ఉంటుంది.

పోయిన నెల చెల్లెలు ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, చిన్నోడి కాళ్ల మీద పుండ్లు మానట్లా. మందుల షాపులో అడిగి ఏదన్నా పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ తెచ్చేదా?" వద్దన్నాను. జలుబుకీ జ్వరానికీ అలా తెచ్చి వేసే మాత్రలవల్ల మందులు పనిచేయకుండా పోతున్నాయి. ఈ స్ట్రెప్టోకాకస్ మాత్రం ఇన్నేళ్లలో పెనిసిలిన్‌కు లొంగకుండా పోలేదు. పవర్ అక్కర్లేదు, డాక్టరు చూసి సరైనది రాసి, రాసినన్నాళ్లూ వేస్తే చాలు. గజ్జి ఉందేమో చూపించు, ఉంటే ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు పూసుకోండి. పుండ్లు మానాక కూడా రెండు నెలలు పొద్దున్నే వాడి ముఖం చూడు, మూత్రం రంగు చూడు. అన్నీ రాసుకుంది.

అదే రోజు తమ్ముడికీ ఫోన్ చేసి బీపీ, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోమన్నాను. వాడికిప్పుడు ముప్ఫై ఎనిమిది. నవ్వాడు, కానీ వెళ్లాడు. ల్యాబ్ కాగితం ఫోటో పంపాడు: ఆల్బుమిన్ లేదు, బీపీ కాస్త ఎక్కువ, మళ్లీ చూపించుకోమన్నారట. తర్వాత అమ్మ కూడా ఉన్న వీడియో కాల్‌లో వాడే అడిగాడు. "అక్కా, అప్పుడు నీకూ చెల్లికీ వేశారా ఆ సూది?"

నాకు గుర్తు లేదు. అమ్మ తల అడ్డంగా ఊపింది. "వాళ్లిద్దరికీ కూడా ఆ ఏడు పుండ్లేరా. ముగ్గురూ ఒక్క దుప్పట్లోనే పడుకునేవాళ్లు."