హాల్లోకొచ్చిన గంగాళం

ఒకప్పుడు పెరట్లో నీళ్లు నింపుకున్న ఇత్తడి గంగాళం ఇప్పుడు అపార్ట్‌మెంట్ హాల్లో గులాబీ రేకులు తేలించుకుని కూర్చుంటోంది. పాత అందం తిరిగొచ్చిందంటున్నారు. తిరిగొచ్చింది రూపమే, పని కాదు. పక్కనే టీవీ వెనక పలక చూడండి: పైన టేకు గీతలు అచ్చంగా ఉంటాయి, అంచు పట్టీ లేచినచోట మాత్రం కలప పీచును అదిమి చేసిన ఎండీఎఫ్ బయటపడుతుంది. తడి తగిలితే ఉబ్బుతుంది కూడా.

టేకు ధర ఎవరు భరిస్తారు, గంగాళం తుక్కుకు పోవడంకన్నా ఇది నయం కదా అనొచ్చు. నిజమే. ఎండీఎఫ్‌లో తప్పులేదు, దానిచేత టేకు వేషం వేయించడమే ఎబ్బెట్టు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మ ఉంది. అంకుడు కర్ర, పైన లక్క పూత, అంతే, మరొకదాన్ని నటించదు. గంగాళం కూడా కళాయి వేయిస్తే పండక్కి పులిహోర కలపడానికి పనికొస్తుంది, కళాయి వేసేవాడు దొరకాలిగానీ.