సడలించిన తీగయు, పొట్టి కాపోయు

శ్రుతి తల్లి, లయ తండ్రి యని సంగీతజ్ఞులు చెప్పుదురు. తంబూరయైనను వీణయైనను వాయించుటకు పూర్వము శ్రుతి సరిచూచుకొనుట మన దేశాచారము. గిటారునకు మాత్రము శ్రుతి యొక్కటే యనియు, అది మార్పరానిదనియు మన విద్యార్థులలో ననేకులు తలంచుచున్నారు. అది నిజము కాదు. గిటారు శ్రుతిని మార్చుటకు రెండు మార్గములు గలవు. బిరడలు త్రిప్పి తీగలనే సడలించుట మొదటిది. కొన్ని తీగలను మాత్రమే అదిమిపట్టు పొట్టి కాపోను దండికి తగిలించుట రెండవది. వీనిలో నేది మేలని మా గానబృందమునందలి పిల్లలు మమ్ము తఱచుగా నడుగుచుందురు. మేమీ రెండింటిని కొన్ని సంవత్సరములుగా పిల్లలచేత వాయింపజేసి చూచితిమి గనుక, మాకు తోచినది యిచ్చట వ్రాయుచున్నాము.

గిటారునకు తీగలు ఆరు. లావైనది ఆరవ తీగ, సన్ననిది మొదటి తీగ. లావు తీగనుండి వరుసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ అనునది వాడుకలోనున్న శ్రుతి. ప్రక్కప్రక్క తీగల నడుమ అయిదేసి అర్ధస్వరముల యెడముండును. జి, బి తీగల నడుమ మాత్రము నాలుగు. ఈ యమరికలో 'కార్డు' లనబడు స్వరసమూహములన్నియు పట్టుటకు వీలగును. ఐనను ఏ తీగను అదుమక ఆరింటిని ఒక్కమారు మీటినచో ఇంపైన కార్డు పలుకదు. కావున తొలిదినమునుండియు పిల్లవాడు రెండు మూడు వ్రేళ్లను ఒక్కసారి సరియైన చోట్ల నుంచవలసి యుండును. చిన్న చేతులకిది కష్టము.

తీగలను సడలించు పద్ధతి పాతది. 1830 దరిదాపుల హవాయి దీవులకు మెక్సికో దేశపు పశువులకాపరులు గిటారులు కొనిపోయిరి. దీవులవారు కొన్ని తీగలను సడలించి, ఏ మెట్టును అదుమకయే కార్డు పలుకునట్లు చేసికొని, ఆ వాదనమునకు 'కీ హోఆలు' అని పేరిడిరి. సడలించిన శ్రుతి యని దాని భావము. ఆంగ్ల వాద్యకారుడు డేవీ గ్రేయం మొరాకో దేశమునకు బోయి అచ్చటి సంగీతమును వినినవాడు. అతడు 1960 తరువాతి తొలి సంవత్సరములలో ఆరవ, రెండవ, మొదటి తీగలను రెండేసి అర్ధస్వరములు దించి, డి, ఏ, డి, జి, ఏ, డి అను శ్రుతిని ప్రచారమునకు తెచ్చెను. అక్షరములను కలిపి దీనిని 'డాడ్‌గాడ్' అందురు. డి షడ్జమమనుకొన్నచో నిది స, ప, స, మ, ప, స యగును. తంబూర నాదమునకు అలవడిన చెవికిది పరాయిది కాదు.

ఇక కాపో సంగతి. ఇది ఆరు తీగలను ఒక మెట్టుమీద అదిమిపెట్టు బిగింపు పట్టీ. పాటను హెచ్చు శ్రుతిలో పాడవలసినప్పుడు వాడుదురు. పొట్టి కాపో ఆరింటిని పట్టక కొన్నిటినే పట్టును. అమెరికాలో హార్వీ రీడ్ అను వాద్యకారుడు దీనిపై ఏండ్ల తరబడి కృషిచేసి గ్రంథములు వ్రాసెను. మూడు తీగలను పట్టు కాపోను రెండవ మెట్టున అయిదవ, నాలుగవ, మూడవ తీగలపై నుంచినచో, ఏ తీగ బి యనియు, డి తీగ ఇ యనియు, జి తీగ ఏ యనియు పలుకును. తక్కిన మూడును యథాస్థానముననే యుండును. అప్పుడు ఆరు తీగలు ఇ, బి, ఇ, ఏ, బి, ఇ యగును. ఇ షడ్జమమైనచో, ఇదియు స, ప, స, మ, ప, స యే!

రెండు మార్గములును ఒక్కచోటికే చేర్చినప్పుడు భేదమేమున్నదని చదువరులు అడుగవచ్చును. ఊరక మీటినప్పుడు చెవికి భేదములేదు, వ్రేళ్లకే భేదము. పిల్లలు ఈ పరీక్ష చేసి చూడవలెను. కాపో బిగించిన గిటారుపై అయిదవ మెట్టున ఒక వ్రేలు అడ్డముగా నుంచి ఆరు తీగలను అదిమినచో ఏ, డి, జి, సి, ఇ, ఏ పలుకును. ఇది వాడుకలోని శ్రుతియొక్క యెడమే. కాపో ఉన్న జాడయే లేదు. సడలించిన గిటారుపై అట్లే చేసినచో జి, డి, జి, సి, డి, జి పలుకును. అనగా అచ్చటను స, ప, స, మ, ప, స యే. కాపో అదుమని తీగలను మాత్రమే మార్చును; వ్రేలు పడినచోట పాత విద్యయే చెల్లును. సడలించుట యన్ననో దండి పొడవునను, మెట్టు మెట్టునను మార్పు తెచ్చును. పాత పట్టులు పనికిరావు, కొత్తవి నేర్వవలెను.

గుణదోషములు రెండింటికిని గలవు. తీగను రెండు అర్ధస్వరములు దించినచో దాని బిగువులో ఇంచుమించు అయిదవ వంతు తగ్గును. లావు తీగ వదులై, గట్టిగా మీటినచో మెట్టుకు తగిలి గరగరలాడును. మార్చిన తీగ వెంటనే కుదురుకొనదు గనుక మఱల సరిచూడవలసి యుండును. ఆరాధన నడుమ బిరడలు త్రిప్పుచు కూర్చుండుట సభకు విసుగు గొల్పును. కాని ఆరవ తీగ సెకనునకు 82 కంపనములనుండి 73కు దిగినప్పుడు కలుగు గంభీరనాదము కాపోకు దొరకదు. కాపో హెచ్చింపగలదే గాని తగ్గింపజాలదు. మఱియు అది పట్టిన తీగలపై దానికి వెనుకనున్న మెట్లు పనికిరావు. మిక్కిలి గట్టిగా నొక్కినచో స్వరము కొంచెము హెచ్చును.

మా బృందమునకు ఈ విచారణ వినోదము కొఱకు పుట్టినది కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల విషయమై పుట్టినది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు భక్తులు రచించిన కీర్తనలకు రాగతాళములు నిర్ణయింపబడియున్నవి. గిటారు వాయించు బాలురు వానికిని పాశ్చాత్య గీతములవలెనే నిండు కార్డులు వేయుచుండిరి. ఇ మేజరు కార్డులో అంతర గాంధారము గలదు. కీర్తన సాధారణ గాంధారము గల రాగమున నున్నచో, గాయకుని గాంధారమొకటి, గిటారు గాంధారము మఱియొకటి. వృద్ధులైన సంఘస్థులు పెదవులు కదపుట మానుకొని కూర్చుండుట మేము చూచితిమి. వారి పాటను వారి గుడిలోనే వారికి కాకుండ జేయుట న్యాయమా?

కీర్తనకు కావలసినది శ్రుతి. పొట్టి కాపో బిగించి, మూడవ తీగను నాలుగవ మెట్టున ఒక్క వ్రేలితో అదిమినచో, ఇ, బి, ఇ, బి, బి, ఇ పలుకును. షడ్జమ పంచమములు తప్ప వేఱొకటి లేదు. గాంధారము గాయకునికే విడువబడినది. మోహన రాగమున మధ్యమము లేదు. కల్యాణిలో నున్నది ప్రతిమధ్యమము. అట్టి కీర్తనలకు ఆ వ్రేలు తీయరాదు. శుద్ధ మధ్యమము గల రాగములలో వ్రేలు తీసి, మధ్యమమును గూడ పలికింపవచ్చును. గిటారుపై గమకములు పలికించుట కష్టము గనుక, అది పాటకు ముందు నడువక వెనుక నిలుచుటయే మర్యాద. కీర్తన ముగిసి ఆంగ్ల గీతము రాగానే కాపో తీసివేసినచో, క్షణములో గిటారు పూర్వస్థితికి వచ్చును. మూడవ శ్రుతి హెచ్చైన పెద్దవారికొఱకు డాడ్‌గాడ్‌లోని రెండవ శ్రుతి యనుకూలమే కాని, ఆ మార్పునకు వ్యవధి కావలెను.

మఱియొక కారణము గలదు. మాకున్నవి రెండు గిటారులు, నేర్చువారు పదిమంది. ఒకడు తీగలు సడలించి వాయించి పోయినచో, తరువాత వచ్చినవాడు తాను నేర్చిన పట్టు పట్టగా అపస్వరము పలుకును. తప్పు తనదో, గిటారుదో వానికి తెలియదు. పదిమంది చేతులు మాఱు వాద్యమునకు కాపోయే శ్రేయస్కరము.

ఇంతవఱకు చదివినవారు మేము కాపో పక్షమువారమని తలంతురు. కాని మా బృందమున నొక బాలిక గలదు. చిన్ననాడు కాలిన గాయముచేత ఆమె ఎడమచేతి నడిమి వ్రేళ్లు రెండును వంగవు. ఆమె తండ్రిగారు మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, దానికి గిటారు వద్దులెండి, నలుగురిలో చిన్నబోవును" అనిరి. పొట్టి కాపో ఆమెకు కొంతవఱకే తోడ్పడినది. కార్డు మార్చవలసినప్పుడెల్ల ఆ వంగని వ్రేళ్లే కావలసివచ్చెను. కావున తీగలను డి, ఏ, డి, ఎఫ్ షార్పు, ఏ, డి అని శ్రుతిచేసితిమి. అది స, ప, స, గ, ప, స. ఏమియు అదుమకున్నచో డి మేజరు కార్డు. చూపుడువ్రేలు అయిదవ మెట్టున అడ్డముగా నుంచినచో జి మేజరు. ఏడవ మెట్టున ఏ మేజరు. ఈ మూడింటితోనే అనేక ఆరాధన గీతములు సాగిపోవును. మార్పు దండి పొడవున వ్యాపించుట ఇతరులకు చిక్కు; ఆమెకదియే ద్వారము. కెనడా దేశీయురాలగు జోనీ మిచెల్ తొమ్మిదేండ్ల ప్రాయమున పోలియో వ్యాధికి గురియై, ఎడమచేయి బలహీనపడగా, శ్రుతులను తన చేతికి తగినట్లు మార్చుకొని లోకప్రసిద్ధి గాంచినది.

ఐతే రెండు గిటారులలో నొకటి ఎల్లప్పుడు ఆమె శ్రుతిలోనే యుండవలెను. తక్కిన తొమ్మండుగురికి ఒక్కటే మిగులును. అది అన్యాయమని కొందఱు బాలురు గొణిగిరి. పొట్టి కాపో వలననే ఆ యొక్క గిటారు కీర్తనకును, ఆంగ్ల గీతమునకును, చిన్న చేతులకును, పెద్ద చేతులకును చాలినది. కాపో ఆ రెండవ గిటారును ఆమెకు మిగిల్చినది. గత క్రిస్మసు ఆరాధనలో ఆమె చూపుడువ్రేలు దండిపై అటునిటు నడచుచుండగా, గొణిగిన బాలురే ఆమె ప్రక్కన నిలిచి పాడిరి.

కాపో సోమరుల సాధనమని మా మిత్రుడైన యొక సంగీతోపాధ్యాయుడు వాదించును. దానిని దాటి నేర్వనివానికి ఆ మాట నిజమే. కావుననే మేము వారమునకొక దినము కాపోలన్నియు బీరువాలో పెట్టి తాళమువేసి, పిల్లలచేత వట్టి మెట్లపైననే సాధన చేయించుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, ఏది గొప్పదని వాదులాడకుడు. నేర్చినది నిలుపుకొని కొంచెము మార్పు కోరువారు కాపోను తగిలించుకొనుడు. నేర్చినదే చేతికి లొంగనప్పుడు వెఱవక తీగను సడలించి క్రొత్తగా నేర్చుకొనుడు. తల్లిదండ్రులారా, మీ బిడ్డ చేయి వాద్యమునకు సరిపోలేదని త్వరపడి నిశ్చయింపకుడు. బిరడలు త్రిప్పుటకే గదా అమర్చబడినవి! దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధమైన చేతినిచ్చెను. ఆ చేతికి తగిన శ్రుతిని వెదకి యిచ్చుట ఉపాధ్యాయుల విధి.