గుత్త తోట, గుత్త కారు

సావనీరుకు ఏమైనా రాసిమ్మని యూనియను సెక్రటరీ మూడుసార్లు అడిగినాడు. మా హాస్టలు మిత్రులు అప్పటికే ప్రేమ మీద కవితలు ఇచ్చేసినారు. నేను సైన్సు చదివేవాణ్ణి, కవిత్వం నాకు రాదు. కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను.

మాది కడప జిల్లా లింగాల మండలం. సొంత భూమి ఒక ఎకరం, అందులో బోరు ఎండి చాలాకాలమైంది. అందుకని నాయన మూడెకరాలు గుత్తకు తీసుకుని అరటి పెట్టినాడు. టిష్యూ కల్చరు మొక్కలు, ఎకరాకు సుమారు 1,200. గుత్త డబ్బు ముందే కట్టినాము. 2025 మార్చి నాటికి గెలలు బలిసినాయి. ఇంకో మూడు వారాలైతే ఢిల్లీ లారీ వచ్చేది.

మార్చి 22, శనివారం రాత్రి. ముందు గాలి, వెనకనే రాళ్లవాన. రేకుల మీద కంకర కుమ్మరించినట్టు చప్పుడు. మా జేజి రోకలి తీసి వాకిట్లోకి విసిరి దండం పెట్టింది.

ఇంత ఎండలో మంచు యాడనుంచి వస్తాదిరా అని జేజి అడుగుతుంది. కాలిన నేల మీది గాలి వేడెక్కి నిలువునా పైకి పోతుంది. నాలుగైదు కిలోమీటర్ల పైన సున్న డిగ్రీలే. అక్కడ నీటిబొట్టు గడ్డకట్టి, కింది నుంచి తోసే గాలిలో పొర మీద పొర కట్టి, ఇక గాలి మోయలేనంత బరువైనాక రాలుతుంది. కోసి చూస్తే ఎర్రగడ్డ మాదిరే పొరలు. రూపాయి బిళ్లంత రాయి గంటకు 40 కిలోమీటర్లకు పైబడిన వేగంతో దిగుతుంది. 1888లో మొరాదాబాదులో ఒక్క రాళ్లవానకు 246 మంది చనిపోయినారు. మా ఊర్లో మనుషులకు ఏమీ కాలేదు.

తెల్లారి తోటలోకి పోతే నిలబడి ఉన్న చెట్లను లెక్కపెట్టడం సులభమైంది. ఆకులు దువ్వెన పళ్ళలాగా చీలిపోయినాయి. చెట్లు గెలల బరువుకు నడిమికి విరిగి పడినాయి. మిగిలిన కాయల మీద రాళ్ల దెబ్బలు సాయంత్రానికి నల్లబడినాయి. మచ్చపడిన కాయను ఏ వ్యాపారీ ముట్టడు. నాయన గట్టు మీద కూర్చుని ఒక ఆకును ముక్కలు ముక్కలుగా చించుతా ఉన్నాడు.

భూమి ఆసామి కొడుకు బెంగళూరులో ఉద్యోగం. ఆ శనివారం ఊరికి వచ్చి, వాళ్ళ ఇంటి ముందర వేపచెట్టు కింద కారు పెట్టినాడు. టాపు మీద, బానెట్టు మీద ఆటలమ్మ పోసినట్టు సొట్టలు. పాపం, అన్న ముఖం మా నాయన ముఖం కంటే పాలిపోయి ఉంది.

"ఇది నాది కాదురా, లీజు బండి. తిరిగిచ్చే రోజు ప్రతి సొట్టకూ లెక్క కడతారు" అన్నాడు.

ఫోటోలు తీసినాడు, ఫోన్లు చేసినాడు. బండ్ల సమగ్ర బీమాలో వరద, తుపానులతో పాటు రాళ్లవాన అనే మాట కూడా అచ్చులోనే ఉందట. బండి ఎవరి పేరున ఉంది, వాడుకునేది ఎవరు, దెబ్బ తగిలితే ఎవరు ఎవరికి చెప్పాలి, అంతా కాగితం మీద ఉంది. రంగు చెడకుండా లోపలి నుంచి తోసి సొట్టలు తీస్తారట. అన్న చేతి నుంచి పోయింది కొంచెమే.

మా తోటకూ రాసుకునేవాళ్ళు వచ్చినారు. 33 శాతం పోతేనే నష్టం కింద లెక్క. మాకు మిగిలిందే అంత లేదు. కానీ పుస్తకంలో భూమి ఆసామిది, పేరూ ఆసామిదే రాసుకున్నారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టంలో గుత్తదారుకు 11 నెలల కార్డు ఉంది, కానీ దానికి ఆసామి సంతకం కావాలి. దానివల్ల భూమి మీద హక్కు రాదని అందులోనే ఉంది. నాటేముందు నాయన అడిగితే ఆసామి, "మన మధ్య కాగితాలేందిరా?" అని నవ్వినాడు. నాయన కూడా నవ్వినాడు. అదీ చూసినాను.

ఈ మాట నేను అన్నతో అన్నాను. "నీకు లీజు కాగితం ఉండబట్టే గదా అన్నా?" అన్నాను. అన్న కాసేపు నేల చూసినాడు. "నాయనతో మాట్లాడతాలే" అన్నాడు. మాట్లాడినట్టే ఉన్నాడు. పైసంవత్సరం గుత్తలో పదివేలు తగ్గించినారు. కాగితం ఊసు మాత్రం రాలేదు. పదివేలకు మా అమ్మ ఎంతో సంతోషించింది, నాకు కోపం వచ్చింది.

దసరాకు అన్న అదే కారులో వచ్చినాడు. నాయన దగ్గరికి పోయి బానెట్టు మీద చెయ్యి పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా తడిమి చూసినాడు. ఒక్క సొట్టా చేతికి తగల్లేదు.

"బాగా చేసినారు" అన్నాడు.