ఓటీ స్లిప్పు మీద ఎవరి సంతకం?

సోలాపూర్ పూర్వ భాగంలో ఈ మధ్య ఎక్కడికి పోయినా నన్ను ఆపి అడిగేది ఒకటే మాట: "ఏమక్కా, మిషిన్ మా పగార్ కోస్తదంట గద?" నేను పనిచేసే టవల్ కార్ఖానాలో హాజరీ, ఓటీ, ఖర్చుల బిల్లులు మొదట చూసేది ఇప్పుడు మనిషి కాదు, కంప్యూటర్‌లో పెట్టిన ఏఐ ఏజెంటు. దాన్ని పెట్టించే పనిలో అకౌంట్స్ తరఫున నేనూ కూర్చున్న. ఒక్కొక్కరికి చెప్పేకంటే ఇక్కడ రాస్తే నయమనిపించింది.

ఏజెంటు అంటే చేతులు కాళ్ళున్న రోబో ఏం కాదు. మనం రాసిచ్చిన నియమాలు పెట్టుకొని, వచ్చిన కాయితాన్ని వాటితో పోల్చి, మంజూరు చేయాలా, వాపస్ పంపాలా, పెద్దసారుకు చూపాలా అని తేల్చే ప్రోగ్రాం. వేలిముద్ర మిషిన్ చెప్పిన టైం, షిఫ్టు పట్టీ, సూపర్‌వైజర్ రాసిన ఓటీ కలిస్తే సరే అంటది. ఖర్చయితే బిల్లు ఫోటో చదివి తేదీ, మొత్తం, జీఎస్టీ నంబరు చూస్తది. ఒకే బిల్లు రెండుసార్లు పెడితే నిమిషంలో పట్టేస్తది. ఆ పనిలో మాత్రం మేము దానికి చాలం.

మొదటి రెండు నెలలు దానికి అధికారం ఇయ్యలే. దాని నిర్ణయం అది రాస్తది, మాది మేము రాస్తం, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తం. అసలు సంగతులు అప్పుడే బయటపడ్డయి.

రాత్రి పాళీ తీసుకోండి. ఒకాయన 11కు ఎక్కిండు. తెల్లారి 7కు దిగాలె, కానీ బదిలీ మనిషి రాలేదు. 11 దాకా మగ్గాల దగ్గరే ఉన్నడు. భోజనం సెలవు పక్కన పెడితే 12 గంటలు. ఏజెంటు దాన్ని అర్ధరాత్రి కాడ రెండు ముక్కలు చేసింది: ఒక తేదీకి 1 గంట, ఇంకో తేదీకి 11 గంటలు. అప్పటి చట్టం లెక్కన 9 దాటితే ఓటీ గనక, 3 గంటలు రావలసినాయనకు 2 గంటలే వచ్చినయి. పైగా మొదటి తేదీకి పూర్తి హాజరీ లేదని గుర్తు! షిఫ్టు అర్ధరాత్రి దాటితే ఆ గంటలు ముందటి రోజు లెక్కలోకే వస్తయని, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లో రాసి ఉండె. రోజుకు 9, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి అని దాని 59వ సెక్షన్‌లో ఉండె. ప్రోగ్రాం తెచ్చినవాళ్ళు ఆఫీసు ఉద్యోగుల కోసం రాసుకున్న నియమాలనే మాకూ తెచ్చి పెట్టిండ్రు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేటోళ్ళకు అర్ధరాత్రితో పనేముంది?

ఇంకోటి. మరాఠీ అంకెల్లో ఒకటి, తొమ్మిది చూపుకు దగ్గరదగ్గర. టెంపో డ్రైవర్ చేత్తో రాసిన 180 రూపాయల చీటీని 980 అని చదివి, హద్దు మించిందని తిప్పికొట్టింది.

మీటింగులో సార్లు ఔననేది, కాదనేది రెండూ దానికే అప్పజెప్దామన్నరు. నేను అడ్డం పడ్డ. ఔననే అధికారం హద్దు పెట్టి ఇద్దాం, కాదనేది మాత్రం మనిషే అనాలె అన్న. తప్పుగా ఔనంటే కార్ఖానాకు కొన్ని వందలు పోతయి, ఆడిట్‌లో దొరుకుతయి. తప్పుగా కాదంటే ఒక ఇంట్ల ఆ నెల కిరాణా తగ్గుతది, ఎందుకు తగ్గిందో ఆ మనిషికి తెలియనే తెలియదు. మా నాయిన మిల్లుకు పోయే రోజుల్లో టైంకీపర్ అరగంట కోస్తే, కిటికీ కాడ నిలబడి కొట్లాడుతుండె. గెలిచింది తక్కువే. కానీ కొట్లాడనీకి ఎదుట ఒక మొకముండె. ఇంటికొచ్చి ఇదంతా చెప్తే, బీడీలు చేసే మా అమ్మ ఒకటే అడిగింది: "కార్ఖానాల చెకర్ బీడీలు పక్కకు తోసేటప్పుడు మన దిక్కు చూడడు. ఇదన్నా చూస్తదా?"

చివరికి సగం ఒప్పుకున్నరు. ఏజెంటు ఏ ఓటీని కొట్టేయరాదు, అనుమానమొస్తే టైం ఆఫీసుకు పంపాలె. అక్కడ కాదన్న మనిషి పేరు, కారణం స్లిప్పు మీద మరాఠీలో, తెలుగులో రావాలె. సూపర్‌వైజర్ తన ఓటీ తానే మంజూరు చేసుకోరాదు. అది చేసిన ప్రతి పనికీ తేదీ, టైంతో రికార్డు ఉండాలె. అర్ధరాత్రి నియమం కూడా మార్పించినం. ఖర్చుల బిల్లులు మాత్రం తిప్పికొట్టే హక్కు దాని దగ్గరే ఉంచిండ్రు. నాకది నచ్చలే.

ఎందుకంటే హమాలీ సంగతి ఇంకా తేలలే. గోనెలు దించినోడు బిల్లెక్కడ ఇస్తడు? డ్రైవర్ జేబులోంచి పెట్టుకున్న పైసలను బిల్లు లేదని అది రోజూ వాపస్ కొడుతనే ఉంది. వచ్చే సోమవారం మళ్ళీ మీటింగుంది. ఈసారి ఇద్దరు డ్రైవర్లను కూడా కూర్చోబెట్టమని అడిగిన.

అందాక, మా కార్ఖానాలో రాత్రి పాళీ చేసేవాళ్ళు మీ ఇంట్ల ఉంటే, ఈ నెల స్లిప్పులో ఓటీ గంటలు ఒకసారి వేళ్ళ మీద లెక్క పెట్టుకోండి. తేడా ఉంటే రాండ్రి, టైం ఆఫీసు కిటికీ 10 నుంచి 12 దాకా తెరిచే ఉంటది.