ఖిలాలో దొరికిన ఫారో

అంతా మా పాప వల్లే మొదలైంది. బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఒక బొమ్మ చూపించి, "అమ్మా, ఈమె ఆడామెనే కదా, గడ్డమేందే?" అంది. చూస్తే ఈజిప్టు ఫారో హత్షెప్సుట్. దాదాపు 3,500 ఏళ్ల కిందట ఇరవై ఏళ్లకు పైగా ఏలిన ఆడమనిషి. గడ్డానికి కట్టుగడ్డం తగిలించుకుని, మగరాజు వేషంలో శిల్పాలు చెక్కించుకుంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అది రెండో ప్రశ్న వేసింది. "మన దగ్గర ఇట్ల ఎవరూ లేరా?"

సిగ్గు విడిచి చెప్తున్నా. నేను పుట్టి పెరిగింది హనుమకొండలో. ఖిలా వరంగల్‌కు ఎన్నిసార్లు పోయానో లెక్కే లేదు. చుట్టాలు వస్తే తోరణాల ముందు నిలబెట్టి ఫొటోలు తీయడం, నీడ చూసుకుని పులిహోర డబ్బాలు విప్పడం, అంతే. రుద్రమదేవి అంటే నాకు కత్తి పట్టుకున్న ఒక విగ్రహం, 2015లో వచ్చిన అనుష్క సినిమా. ఆ రాత్రి పాపకు జవాబు వెతుకుతూ కూర్చున్నదాన్ని తెల్లారిందాకా లేవలేదు.

శాసనాల్లో ఆమె పేరేమిటో తెలుసా? రుద్రదేవ మహారాజు! మహారాణి కాదు, మహారాజు. కొడుకులు లేని కాకతీయ రాజు గణపతిదేవుడు కూతురికే మగపేరు పెట్టి రాజ్యం అప్పగించాడు. నిడదవోలు చాళుక్యుల వీరభద్రుడితో పెళ్లయింది, ముగ్గురు కూతుళ్లు. 1260 ప్రాంతంలో తండ్రితో కలిసి ఏలడం మొదలుపెట్టి, తర్వాత ఒక్కతే 1289 దాకా ఓరుగల్లు గద్దె మీద ఉంది. ఆడది ఏలడమేమిటని గింజుకున్నవాళ్లూ ఉన్నారు, ఆమె పక్షాన నిలబడిన రేచర్ల ప్రసాదిత్యుడి లాంటి సామంతులూ ఉన్నారు. నైలునది ఒడ్డున తగిలించుకున్న గడ్డమూ, ఓరుగల్లులో పెట్టుకున్న పేరూ ఒకే పని కోసమేనేమో!

ఆదివారం పొద్దున్నే పాపను బండెక్కించుకుని ఖిలాకు పోయా. ఈసారి పులిహోర లేదు.

రాతికోట మొదలుపెట్టింది తండ్రి తరం వాళ్లే, ఎత్తు పెంచింది మాత్రం ఈమె. గోడ లోపలివైపు చూడండి, ఎన్నడైనా గమనించారా? మెట్లు! వాకిలి దగ్గర నాలుగు మెట్లు కట్టి వదిలేయలేదు, గోడ వెంబడి పోతూనే ఉన్నాయి. శత్రువు ఏ దిక్కున వచ్చినా సైనికుడు తానున్న చోటు నుంచే పైకి పరుగెత్తవచ్చు. నలభై ఏళ్లుగా వాటి మీద కూర్చున్నానే తప్ప, ఎందుకు కట్టారో ఒక్కసారీ అడగలేదు. దానికి బయట మట్టికోట, దాని చుట్టూ అగడ్త, అవీ ఆమె పనే. ఇప్పుడు ఆ రెండు గోడల నడుమ పొలాలు, ఇళ్లు. పొద్దున పాలు పోసే ఆయన రోజూ ఒక రాజధాని దాటుకుని వస్తున్నాడన్నమాట.

ఇంకొకటి. ఆమె బిరుదు రాయగజకేసరి, అంటే శత్రురాజులనే ఏనుగులకు సింహం. ఖిలాలోని స్వయంభూ ఆలయం శిథిలాల్లోని శిల్పంలో ఒక వీరవనిత కత్తి, డాలు పట్టి సింహం మీద కూర్చుని ఉంటుంది. అది రుద్రమే అంటారు చరిత్రకారులు. బిరుదును రాతిలో బొమ్మ కట్టారు! పాప ఆ సింహం ముందు నుంచి కదిలితే ఒట్టు.

మార్కోపోలో కూడా ఈ రాజ్యం గురించి రాశాడు. మన మోటుపల్లి రేవును ముట్ఫిలి అన్నాడు, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి చెప్పి, ఏలికను తెగ మెచ్చుకున్నాడు. పాపం, ఒక్కటి తప్పాడు. ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడు. ఆడది గద్దె మీద ఉంటే మొగుడి వల్లే వచ్చి ఉంటుందని లెక్క కట్టాడేమో!

ఇక గుంటూరు వైపు, ఇప్పటి అమరావతి దగ్గరి మల్కాపురం శాసనం చూడండి. 1261 నాటిది. గోళకీ అనే శైవ మఠానికి మందడం ఊరిని దానం చేస్తూ, అందులోంచి వచ్చే రాబడితో ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడపాలని రాసిపెట్టారు. పదమూడో శతాబ్దంలో ప్రసూతి ఆసుపత్రి!

హత్షెప్సుట్ పోయాక, ఆమె తర్వాత ఏలిన సవతి కొడుకు మూడో థుట్‌మోస్ ఆమె పేర్లను ఉలితో చెక్కించి చెరిపేయించాడు. మన రుద్రమ మాత్రం కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడినే దత్తత తీసుకుని గద్దెకు తయారుచేసింది. ఆమె ఎప్పుడు పోయిందన్నది చాలాకాలం తేలలేదు. తేల్చింది నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన రాయి. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే అతను, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథ దేవుడికి భూమి రాసిచ్చాడు. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో ఇద్దరూ నేలకొరిగి ఉంటారని దీన్నిబట్టే అంటారు. అప్పటికి ఆమె పండుముసలి.

వచ్చే ఆదివారం ఆ చందుపట్ల రాయి చూడ్డానికి నకిరేకల్ బస్సు ఎక్కుతాం. పాప నోటుబుక్కు, పెన్సిలు అప్పుడే సంచిలో పెట్టేసింది.